మదురా భాషలో ‘తిన్నారా?’ అని అడగడం ఎలా

మన ఇళ్లల్లో ఒక విద్య ఉంది. ఎదుటి మనిషిని నువ్వు అనాలో మీరు అనాలో తేలనప్పుడు వాడే విద్య. వరసకు బాబాయి, వయసుకు మనకంటే రెండేళ్లు చిన్న. లేదా, మొన్నటిదాకా కాలేజీలో ‘ఒరేయ్’ అని పిలిచినవాడు ఇవాళ మన ఇంటి అల్లుడు. ‘తిన్నావా’ అంటే పెద్దవాళ్లు గుడ్లురుముతారు. ‘తిన్నారా’ అంటే వాడే పగలబడి నవ్వుతాడు. అప్పుడు నోటికి వచ్చే మాట ఒకటే: ‘భోజనం అయిందా?’ అందులో తిన్న మనిషి లేడు, భోజనమే అయింది. మనిషి లేడు కాబట్టి మర్యాద గొడవా లేదు.

ఈ చిన్న వాక్యంలో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వాక్యంలో ఎవరిని ముందు నిలబెట్టాలన్నది ఒకటి. మన వ్యాకరణాల్లో దాన్ని ప్రయోగం అంటారు: కర్తరి, కర్మణి. ఎదుటివాళ్లకు ఎంత గౌరవం ఇవ్వాలన్నది రెండోది. దీన్ని మన వ్యాకరణాలు పెద్దగా పట్టించుకోలేదు, అమ్మానాన్నల మొట్టికాయలకు వదిలేశాయి. ఇండొనేసియాలో మదురా అనే దీవి భాషలో ఈ రెండూ చాలా బలంగా ఉంటాయి. ఆ భాష గురించి కొత్తగా చదివేవాళ్లు తరచూ రెండింటినీ కలిపేసి, కర్మణి వాడితే వినయం, కర్తరి వాడితే మొరటుతనం అనేసుకుంటారు. అది తప్పు. విడదీసి చూస్తే రెండూ వేరువేరు తాళాలని తెలుస్తుంది.

ముందు ఊరు సంగతి. ఇది యమున ఒడ్డున మధుర కాదు, మీనాక్షమ్మ మదురై కాదు. జావా దీవికి ఈశాన్యాన, ఇరుకైన జలసంధికి అవతల, తూర్పు పడమరలుగా పొడుగ్గా పడుకున్న దీవి. సురబాయ నగరం నుంచి అక్కడికి 5.4 కిలోమీటర్ల వంతెన వేసి 2009 జూన్‌లో తెరిచారు. పడమర నుంచి తూర్పుకు నాలుగు జిల్లాలు: బంకలాన్, సంపాంగ్, పమెకాసాన్, సుమెనెప్. ఉప్పు మళ్లకు పేరు. ఎడ్ల పందేలకు అంతకంటే పేరు. నేల మాత్రం బీద. అందుకే తరాలుగా జనం జలసంధి దాటి తూర్పు జావాకు వలసపోయారు. ప్రొబొలింగో, సితుబొందో, బొందొవోసో, జెంబెర్ లాంటి ఊళ్లల్లో ఇవాళ్టికీ మదురా మాటే వినిపిస్తుంది. 2010 జనాభా లెక్కల్లో తమది మదురా జాతి అని రాయించుకున్నవాళ్లు సుమారు 72 లక్షలు.

భాష ఆస్ట్రొనేసియన్ కుటుంబానిది. మలయ్, జావా భాష, ఫిలిప్పీన్స్‌లోని తగాలోగ్ దీనికి చుట్టాలు. తెలుగుతో రక్తసంబంధం లేదు. పాత పరిచయం మాత్రం ఒకటి ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

జాకెట్లు కుట్టబడును

మనం బడిలో నేర్చుకున్న కర్మణి ఎలాంటిదో గుర్తుచేసుకుందాం. ‘రాముడు రావణుని చంపెను’ అని ఇచ్చి మార్చి రాయమంటారు. ‘రాముని చేత రావణుడు చంపబడెను’ అని రాస్తే ఒక మార్కు. ఆ తర్వాత జీవితంలో ఆ ‘బడు’తో పని పడదు. ‘అప్పు ఇవ్వబడదు’ అని కిరాణా కొట్టు బోర్డు మీద, ‘జాకెట్లు కుట్టబడును’ అని టైలరు షాపు మీద చూస్తాం. లోపలున్న టైలరు మాత్రం నోటితో ఒక్కసారి కూడా ‘కుట్టబడును’ అనడు. ‘మంగళవారానికి కుట్టిస్తానమ్మా’ అంటాడు.

మనకు కర్మణి అవసరం రాకపోవడానికి కారణం విభక్తులు. ‘రాముడు పులిని చంపాడు’, ‘పులిని రాముడు చంపాడు’. మాటల్ని అటూ ఇటూ ఎలా తిప్పినా ‘ని’ ఉన్నంతసేపు చచ్చింది పులే. పులి గురించి మాట్లాడాలనుకుంటే పులిని ముందుకు లాక్కుంటాం, అంతే. క్రియను ముట్టుకోనక్కర్లేదు.

మదురా భాషలో నామవాచకాలకు అలాంటి తోకలు లేవు. క్రియకు ముందున్న మాట వాక్యానికి ఆధారం, మిగతావి క్రియ తర్వాత. చేసినవాణ్ని కాక, చేయించుకున్న వస్తువును ముందు నిలబెట్టాలంటే ఆ సంగతి క్రియకే చెప్పాలి. క్రియ వేషం మార్చుకోవాలి.

కొనడం తీసుకుందాం. ధాతువు ‘బెల్లి’. సితి అనే అమ్మాయి పుస్తకం కొంటే ‘సితి మెల్లె బుకు’. కథలో పుస్తకమే ముఖ్యమైతే ‘బుకు జరియా ఎబెల్లి సితి’, అంటే ‘ఆ పుస్తకం సితి కొన్నదే’ అన్నట్టు. మొదటిదాంట్లో క్రియ చేసినవాళ్ల వైపు తిరిగి ఉంది, రెండోదాంట్లో వస్తువు వైపు. వస్తువు వైపు తిప్పడం తేలిక: ధాతువు ముందు ‘ఎ’ పెడితే చాలు. చేసినవాళ్ల వైపు తిప్పేటప్పుడు జరిగేది చూడముచ్చటగా ఉంటుంది. మన వర్ణమాల వల్లె వేసినవాళ్లకు అర్థమైనంత సులువుగా ఇంకెవరికీ అర్థం కాదని నా నమ్మకం.

చాలా ధాతువుల్లో మొదటి హల్లు పోయి, దాని స్థానంలో అదే వర్గంలోని ఐదో అక్షరం వస్తుంది. ప వర్గమైతే మ, త వర్గమైతే న, చ వర్గమైతే ఞ, క వర్గమైతే ఙ. బెల్లి మెల్లె అయింది. ‘పొకొల్’ అంటే కొట్టడం, కొట్టేవాడి వైపు నుంచి చెబితే ‘మొకొల్’. ‘తొలెస్’ అంటే రాయడం, అది ‘నొలెస్’ అవుతుంది. బట్టలు ఉతకడం ‘సస్సా’, అది ‘ఞస్సా’. మనకు స ఊష్మాక్షరం, వాళ్ల లెక్కలో అది చ వర్గంతో కలిసిపోతుంది. ‘కెరెమ్’ అంటే పంపడం, అది ‘ఙెరెమ్’. కొన్ని ధాతువులు మాత్రం హల్లు మార్చుకోవు, ముందు ‘అ’ పెట్టుకుంటాయి.

తినడం ‘కాకన్’. తినేవాడి వైపు నుంచి ‘ఙాకన్’. పలక మీద క ఖ గ ఘ ఙ అని దిద్దించి, ఆ ఐదోదాంతో ఒక్క మాట కూడా మొదలుపెట్టకుండా జీవితం గడిపేసిన తెలుగువాళ్లం మనం. అక్కడ రోజుకు మూడు పూటలా నోటికి వచ్చే మాట ఆ అక్షరంతోనే మొదలవుతుంది.

ఇంకో చిన్న తమాషా ఉంది. బెల్లి, మెల్లె అని రాశానుగా. హల్లు మారితే మారింది, చివరి ఇ ఎందుకు ఎ అయినట్టు? ఈ భాషలో అచ్చులు వాటికి ముందున్న హల్లు చెప్పినట్టు వింటాయి. ముందు బ, డ, గ లాంటి నాదాక్షరం గానీ భ, ధ, ఘ లాంటి ఒత్తక్షరం గానీ ఉంటే అచ్చు పైకి లేస్తుంది. ప, త, క గానీ, మ, న లాంటి అనునాసికం గానీ ఉంటే కిందికి దిగుతుంది. ల, ర అడ్డుపడవు, వెనకున్న హల్లు ప్రభావాన్ని దాటనిస్తాయి. అందుకే బ పోయి మ రాగానే మాట మొత్తం ఒక మెట్టు కిందికి దిగింది: బెల్లి, మెల్లె. నిజానికి మొదటి అచ్చు కూడా కొంచెం మారుతుంది, మన లిపిలో ఆ తేడాకు గుర్తు లేక రెండు చోట్లా ‘ఎ’ అనే రాశాను. కత్తి కాస్తా బహువచనంలో ‘లు’ కోసం కత్తులు అయినట్టే ఇదీ ఒక రకం సర్దుబాటు. మనకు వెనక వచ్చే అక్షరం ముందుదాన్ని మారుస్తుంది, వాళ్లకు ముందున్నది వెనకదాన్ని. భ, ధ, ఘ అని ఈ వ్యాసంలో రాసినవి కూడా అచ్చంగా మన భ, ధ, ఘ కావు. దగ్గరి పోలిక, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఈ రెండు రూపాల్లో ఏది వాడాలన్నది అక్కడ మాట్లాడేవాళ్ల ఇష్టం మీద నడిచే అలంకారం కాదు. చాలా చోట్ల వ్యాకరణమే బలవంతం చేస్తుంది. ‘సితి కొన్న పుస్తకం’, ‘పుస్తకం కొన్న మనిషి’ అని మనం రెంటికీ ఒకే ‘కొన్న’ వాడేస్తాం. వాళ్లకు కుదరదు. పుస్తకాన్ని వర్ణించాలంటే ‘బుకు సె ఎబెల్లి సితి’ అనాలి. మనిషిని వర్ణించాలంటే ‘ఒరెంగ్ సె మెల్లె బుకు’ అనాలి. ఒరెంగ్ అంటే మనిషి, ‘సె’ మన ‘అయిన, ఉన్న’ లాంటి లంకె. ఏ నామవాచకాన్ని వర్ణిస్తున్నామో అది ఆ క్రియకు ఆధారమై ఉండాలన్నది నియమం.

ప్రశ్నలూ అంతే. ఎవరు కొన్నారని అడిగితే ‘సపా సె మెల్లె బుకు?’ ‘ఏం’ అన్న మాటను ముందు నిలబెట్టి ఏం కొందని అడిగితే ‘అపా సె ఎబెల్లి సితి?’ రెండో ప్రశ్నలో ‘మెల్లె’ వాడితే వాక్యం కూలిపోతుంది. బజారు నుంచి వచ్చిన అమ్మను ‘అపా’ ముందు పెట్టి ఏం తెచ్చావని అడిగే నాలుగేళ్ల పిల్లకు కూడా ఈ ‘ఎ’ కావాలి. మన ‘చంపబడెను’కీ దీనికీ ఎంత దూరమో చూడండి.

అందుకే దీన్ని కర్మణి అని పిలవడానికి భాషావేత్తలు తటపటాయిస్తారు. కర్మణిలో మామూలుగా చేసినవాడు వెనక్కి జరుగుతాడు, చాలాసార్లు మాయమవుతాడు. ‘గాజు గ్లాసు పగిలింది’ అన్నప్పుడు పగలగొట్టినవాడు తప్పించుకున్నట్టు. మదురా ‘ఎ’ రూపంలో చేసినవాడు ఎక్కడికీ పోడు, క్రియ పక్కనే నిలబడి ఉంటాడు: ‘ఎబెల్లి సితి’. కావాలంటే ‘చేత’ లాంటి మాట ‘బి’ పెట్టి ‘ఎబెల్లి బి సితి’ అనవచ్చు, పెట్టకపోయినా తప్పు లేదు. ఈ భాష మీద ఏళ్ల తరబడి పనిచేసి 2010లో సమగ్రమైన వ్యాకరణం ప్రచురించిన అమెరికన్ భాషావేత్త విలియం డేవీస్ దీన్ని కర్మణి అనకుండా, కర్మ వైపు తిరిగిన ప్రయోగం అనే అర్థం వచ్చే పేరు వాడారు. నాకు అదే సబబుగా తోస్తుంది. కర్మణి అనగానే మన బుర్ర ‘కుట్టబడును’ వైపు పరిగెడుతుంది.

ముందు నిలబెట్టే మనిషి లేదా వస్తువు కర్మే కానక్కర్లేదు కూడా. క్రియ చివర ‘అఘి’ తగిలిస్తే ఎవరి కోసం చేశారో వాళ్లు వాక్యంలోకి వస్తారు. కొనడం ‘మెల్లె’ అయితే, ఒకరికోసం కొనిపెట్టడం ‘మెల్లెఅఘి’. మన ‘పెట్టు’ చేసే పనే: కొనిపెట్టు, చేసిపెట్టు, రాసిపెట్టు. అమ్మ తమ్ముడికి చెప్పులు కొనిపెట్టిందనుకోండి. దాన్ని ‘ఎ’ రూపంలోకి తిప్పితే వాక్యం ముందు తమ్ముడు నిలబడతాడు. చెప్పులు అలా వెనకాల ఉండిపోతాయి.

అవును, కాదు అనే పేర్లు

రెండో తాళానికి వద్దాం. మదురా భాషలో మాట్లాడే తీరులు, అంటే మర్యాద మెట్లు, ముఖ్యంగా మూడు. కొందరు పండితులు లోపలి తేడాలు కూడా లెక్కేసి ఐదంటారు. వాటి పేర్లు నాకు భలే నచ్చాయి. అన్నిటికంటే కింది మెట్టు ఎంజా–ఇయా, నడిమిది ఎంఘి–ఎంతెన్, పైది ఎంఘి–భుంతెన్. ఇవి అవును, కాదు అనే మాటలే. కింది మెట్టులో కాదంటే ఎంజా, అవునంటే ఇయా. పై మెట్టులో అవునంటే ఎంఘి, కాదంటే భుంతెన్. ఒక మనిషి మనతో ఏ తీరులో మాట్లాడుతున్నాడో తెలియాలంటే అవునని ఎలా అంటున్నాడో, కాదని ఎలా అంటున్నాడో వింటే చాలు. మనం ‘ఆ’, ‘ఊఁ’, ‘అవునండి’, ‘చిత్తం’ అని నాలుగు తీరులకు పేర్లు పెట్టుకున్నట్టు. కింది మెట్టు పేరులో మాత్రం ‘కాదు’ ముందొస్తుంది. ఎందుకో గానీ, స్నేహితుల మధ్య మాటలకు ఆ వరసే సరిపోతుంది.

ఇక ‘తిన్నావా’ ప్రశ్న. స్నేహితుణ్ని గానీ తమ్ముణ్ని గానీ అడిగితే:

బఅన లా ఙాకన్?

అంతగా చనువు లేని, అలాగని మరీ పెద్దరికమూ లేని మనిషిని అడిగితే:

ధికా పొన్ నెద్ధా?

మత గురువునో, బాగా పెద్దవాళ్లనో అడిగితే:

పంఝెనెంఙన్ అంపొన్ అధాఅర్?

మూడిటి అర్థం ఒకటే. నువ్వు, ఇప్పటికే, తినడం. మూడు వాక్యాల్లోనూ మూడు మాటలే, ఒక్క మాట కూడా ఉమ్మడి కాదు. మనకు ‘తిన్నా’ దాకా ఎవరికైనా ఒకటే, చివర ‘వా’ పెట్టాలా ‘రా’ పెట్టాలా అన్నదే తేడా. గదిలోంచి వినబడ్డ గొంతు ఎవరిదో తెలియకుండానే ‘తిన్నా...’ అని మొదలుపెట్టి, మనిషి కనబడ్డాక తోక అతికించవచ్చు. తెలుగు క్రియ మనకు ఆఖరి క్షణం దాకా టైమ్ ఇస్తుంది.

మదురా క్రియకు ఆ తోక లేదు. నేను తిన్నా, నువ్వు తిన్నా, వాళ్లు తిన్నా ఙాకన్ ఙాకనే. నిన్న తిన్నా రేపు తిన్నా కూడా అదే, కాలం సంగతి ‘లా’ లాంటి పక్క మాటలు చూసుకుంటాయి. తోకలో చోటు లేనప్పుడు మర్యాద మాట ఒళ్లంతా పరుచుకుంటుంది. నోరు తెరిచిన మొదటి అక్షరంతోనే ఎదుటివాణ్ని ఎక్కడ కూర్చోబెట్టామో తేలిపోతుంది.

అన్ని మాటలకూ ఇలా మూడేసి రూపాలు ఉండవు, ఉంటే ఎవరూ మాట్లాడలేరు. భాషలో ఎక్కువ మాటలు ఏ మెట్టులోనైనా ఒకటే, బుకు బుకునే. మూడు రూపాలు ఉండేవి మనిషికి దగ్గరి మాటలు: ఒంటి అవయవాలు, ఇల్లు, పేరు, తిండి, నిద్ర, రాకపోకలు, నేను, నువ్వు. అలాగే వాక్యంలో ఊరికే దొర్లే చిన్న మాటలు. ‘ఏమిటి’ కింద ‘అపా’, పైన ‘పొనపా’. ‘యొక్క’ లాంటి ‘నా’ పైన ‘ఎపొన్’ అవుతుంది. చిన్న మాటలే కాబట్టి దాదాపు ప్రతి వాక్యంలోనూ తగులుతాయి, తప్పించుకోలేం.

పాత పరిచయం అన్నది ఇక్కడే. తలను కింది మెట్టులో ‘చెతాక్’ అంటారు. నడిమి మెట్టులో ‘సెరా’. పై మెట్టులో ‘మొస్తక’. చేతిని కింద ‘తనంగ్’, పైన ‘అస్తా’. చదువుతుంటేనే నవ్వొస్తుంది కదా: శిరస్సు, మస్తకం, హస్తం. మనమూ ఇదే పని చేశాం. ఇంట్లో తల, చెయ్యి. గుళ్లో, సభల్లో శిరస్సు, హస్తం. ఇంట్లో పుట్టిన మాట చనువుకు, సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట గౌరవానికి. సంస్కృతం తిన్నగా మదురాకు రాలేదు, జావా రాజాస్థానాల మీదుగా వచ్చింది. జావాలో మతరాం సుల్తాను అగుంగ్ 1624లో మదురాను జయించాడు. జావా దర్బారు పద్ధతులు, జావా భాషలోని మర్యాద మెట్లు మదురా కొలువుల్లో బలంగా నాటుకున్నాయి. దీవికి తూర్పు కొసన ఉన్న సుమెనెప్‌లో రాజకొలువు ఉండేది, ఇప్పటికీ అక్కడి మాటే సొగసైనదని పేరు. పడమటి బంకలాన్‌వాళ్లు దాన్ని ఎంత మనస్ఫూర్తిగా ఒప్పుకుంటారో చెప్పలేను. కోస్తా మాటే మంచి తెలుగన్నప్పుడు తెలంగాణవాళ్లు ఎంత ఒప్పుకున్నారో అంతే కావచ్చు.

సంస్కృతం ఒక్కటే కాదు. పేరును పై మెట్టులో ‘అస్మా’ అంటారు, అది అరబ్బీ. ‘నేను’ కింద ‘సెంకొ’. పైకి పోతే ‘కవులా’ లేదా ‘అబ్ధినా’, రెంటికీ మూలార్థం దాసుడనే. మధ్య స్థాయి ‘మీరు’గా వాడే ‘సంపెయాన్’ జావా భాషలో పాదానికి గౌరవ పదం. ఎదుటివాణ్ని మొహం చూసి కాక కాళ్లు చూసి పలకరించడమన్నమాట. శంకరుణ్ని భగవత్పాదులని, ఉత్తరాల్లో శ్రీచరణాలకు అని రాసుకున్న మనకు ఇది కొత్తగా ఏమీ ఉండదు.

ఇంతకీ ఎవరికి పై మెట్టు? దానికి వాళ్ల దగ్గర ఒక పలుకుబడి ఉంది: భుప్పా, భాభూ, ఘురూ, రాతో. నాన్న, అమ్మ, గురువు, రాజు. ఆ వరసలోనే గౌరవించాలని. మనకు ఉపనిషత్తులో అమ్మ ముందు. వాళ్లకు నాన్న ముందు. రాజులు పోయి ఆ చోట ప్రభుత్వం వచ్చింది గానీ గురువు స్థానం కదల్లేదు. ముస్లిం మత పాఠశాలలు నడిపే గురువుల్ని ‘కియాయి’ అంటారు. మదురా సమాజంలో వాళ్ల ముందు ఎంజా–ఇయాలో నోరు విప్పే మనిషి ఉండడు.

ఇద్దరు పెద్దమనుషులు

ఇక్కడ ఒక మెలిక ఉంది. దాన్ని పట్టుకోకపోతే ఎన్ని మాటలు కంఠస్థం చేసినా లాభం లేదు. మర్యాద ఎవరితో మాట్లాడుతున్నామన్నదాన్ని బట్టి ఒకటి, ఎవరి గురించి మాట్లాడుతున్నామన్నదాన్ని బట్టి ఇంకొకటి.

కియాయి గారు ఒక కుర్రాణ్ని తిన్నావా అని అడిగారనుకోండి. ‘తిన్నానండి’ అనాలి. వింటున్నది పెద్దాయన కాబట్టి ‘ఇప్పటికే’కి పై మెట్టు మాట ‘అంపొన్’ వాడాలి. తిన్నది మాత్రం తనే కాబట్టి ‘అధాఅర్’ వాడకూడదు, ‘నెద్ధా’ వాడాలి: ‘అబ్ధినా అంపొన్ నెద్ధా’. పెద్దల మాటలు నేర్చుకున్న ఉత్సాహంలో ‘అబ్ధినా అంపొన్ అధాఅర్’ అన్నాడో, ‘నేను ఇప్పుడే విచ్చేశాను’ అన్నట్టు ఉంటుంది. మన దగ్గర ఆహ్వాన పత్రికలో ఇతరులు విచ్చేస్తారు, మనం వస్తాం. మనం సమర్పించుకుంటాం, వాళ్లు ప్రసాదిస్తారు. ఈ దిక్కు తెలుగుకు తెలుసు, కాకపోతే కొన్ని మాటలకే పరిమితం చేసింది.

తిరగేసి చూద్దాం. ఇద్దరు స్నేహితులు అరుగు మీద కూర్చుని ఎంజా–ఇయాలో కబుర్లాడుతున్నారు. మాటల మధ్యలో కియాయి గారు భోంచేస్తున్నారని చెప్పాల్సి వచ్చింది. వాక్యం మిగతాదంతా చనువు మాటల్లోనే ఉన్నా, ఆ ఒక్క క్రియ అధాఅర్ అవుతుంది. ఆయన అక్కడ లేకపోయినా సరే. ‘ఒరేయ్, మాస్టారు వచ్చార్రా’ అన్నప్పుడు మన నోట్లో జరిగేదే ఇది. ‘ఒరేయ్’, చివరి ‘రా’ వీడికి. ‘వచ్చారు’లోని ‘ఆరు’ ఆయనకు.

ఇప్పుడు రెండు తాళాలను పక్కపక్కన పెట్టవచ్చు. తినడానికి నాలుగు రూపాలు వస్తాయి. ఙాకన్: తినేవాడు ముందు, మామూలు మనిషి. ఎకాకన్: అన్నం ముందు, తిన్నది మామూలు మనిషి. అధాఅర్: తినేవాడు ముందు, పెద్దమనిషి. ఎధాఅర్: అన్నం ముందు, తిన్నది పెద్దమనిషి. ‘ఎ’ పెట్టినందువల్ల మర్యాద రవ్వంత పెరగలేదు, తీసినందువల్ల తగ్గలేదు. తమ్ముడు తిన్న అన్నానికీ ‘ఎ’ కావాలి, గురువు తిన్న అన్నానికీ ‘ఎ’ కావాలి. వాక్యంలో ముందు పీట ఎవరిదో ‘ఎ’ చెబుతుంది. ఇంట్లో ముందు పీట ఎవరిదో ధాతువు చెబుతుంది.

రెండూ ఒకదాన్నొకటి తగిలే చోట్లు లేవని కాదు. ‘చేత’ అనే ‘బి’ పై మెట్టులో ‘సరెంగ్’ అయిపోతుంది. కానీ అప్పుడు కూడా మారేది మాట, వాక్యం కట్టుబడి కాదు. మొత్తం వాక్యాన్ని కింది మెట్టు నుంచి పై మెట్టుకు ఎక్కించినా మాటల వరస అదే, ఆధారం అదే.

సుదా మాకన్?

‘భోజనం అయిందా’ లాంటి పక్కదారి వాళ్లకు లేదా? ఉంది. దాని పేరు ఇండొనేసియన్.

1928లో జాతీయవాద యువకులు దేశానికి ఉమ్మడి భాషగా మలయ్‌నే ఎంచుకున్నారు, ఎక్కువమంది మాట్లాడే జావా భాషను కాదు. ఇన్ని మెట్లు ఎక్కి దిగే పని మలయ్‌లో లేకపోవడం దానికి కలిసొచ్చిన గుణాల్లో ఒకటి. ఇప్పుడు బడి, ఆఫీసు, టీవీ, ఫోను అన్నీ ఇండొనేసియన్‌లోనే. అందులో తిన్నారా అని అడగాలంటే ‘సుదా మాకన్?’ చాలు. ఇప్పటికే, తినడం. నువ్వూ లేదు, మీరూ లేదు. ఎవరినైనా అడగొచ్చు.

స్నేహితులతో ఎంజా–ఇయా ఇంకా బలంగానే ఉంది. చిక్కంతా పైన. అత్తగారితో, హెడ్‌మాస్టరుతో, కియాయితో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ‘నెద్ధా’నా ‘అధాఅర్’ఆ అని లోపల టెన్షన్ మొదలవుతుంది. తప్పు మెట్టు ఎక్కి నవ్వులపాలు కావడం కంటే, పెద్దాయన్ని తక్కువ చేసినవాడన్న పేరు రావడం కంటే, మర్యాదగా ఇండొనేసియన్‌లోకి జారుకోవడం సుఖం. పై మెట్టు మాటలు తడబడకుండా మాట్లాడగల కుర్రకారు తక్కువైపోతున్నారన్నది అక్కడి ఉపాధ్యాయుల, పెద్దల రోజువారీ ఫిర్యాదు.

‘ఎ’ గురించి మాత్రం అలాంటి ఫిర్యాదు వినబడదు. ‘ఎబెల్లి’ లేకుండా ‘సితి కొన్న పుస్తకం’ అనే దారే లేదు కాబట్టి, దాన్ని కాపాడమని ఎవరూ కమిటీ వేయక్కర్లేదు. పైగా ఇండొనేసియన్‌లో కూడా అలాంటి ప్రయోగమే ఉంది, అక్కడ ‘ఎ’ బదులు ‘ది’. పిల్లలు రెండు భాషల మధ్య ఎన్నిసార్లు అటూ ఇటూ గెంతినా ఈ తాళం వాళ్ల చేతిలోంచి జారదు.

2014లో తూర్పు జావా గవర్నరు ఉత్తర్వుతో ఆ రాష్ట్ర బడుల్లో జావా, మదురా భాషలు తప్పనిసరి పాఠ్యాంశాలయ్యాయి. పరీక్షలో చెతాక్ అని ఇచ్చి పై మెట్టు మాట రాయమంటే, పిల్లవాడు మొస్తక అని రాసి మార్కు తెచ్చుకుంటాడు, మన పిల్లవాడు ‘చంపబడెను’ అని రాసి తెచ్చుకున్నట్టే. ఇంటికొచ్చి పుస్తకాల సంచి ఒక మూల పడేసి, అరుగు మీద కూర్చున్న తాతను ‘సుదా మాకన్?’ అని పలకరిస్తాడు. తాత ఎంఘి అనాలో ఇయా అనాలో ఒక క్షణం ఆలోచించి, ఊరికే తల ఊపుతాడు.